కత్తెర ఎండలు

మద్రాసులో వీటిని కత్తిరి ఎండలంటారు,
మా అమ్మ కత్తెర అనేది.
రెండు భాషలకీ ఈ ఎండని చూస్తే గుర్తొచ్చింది ఒకటే పనిముట్టు.
నాకది కూడు పెట్టే పనిముట్టు.
పన్నెండింటికి కిటికీ దగ్గర మిషను మీద వదిలేస్తే
రెండింటికి అందులో వేళ్ళు దూర్చలేను.

కొళత్తూరు, మూడో అంతస్తు, మిద్దె.
పదకొండు పెయింటు డబ్బాల్లో నా తోట:
కరివేపాకు, రెండు మందారాలు, మాడిపోయిన తోటకూర.
ఎర్ర మందారం మీద ఒక గొల్లభామ.
కిందింటి ఇనియన్ దాన్ని కుంబిడు పూచ్చి అంటాడు,
దండం పెట్టే పురుగట.
మా ఊళ్ళో పాలమ్ముకునేది, వీళ్ళ ఊళ్ళో భక్తురాలు.
ఈ ఎండలో అది రెండు పనులూ మానేసింది.

ఏడింటికి ఆకు పైన,
ఎనిమిదిన్నరకి ఆకు కింద,
ఆ తర్వాత కొమ్మకి ఏ పక్క నీడుంటే ఆ పక్కకి
గంటల ముల్లంత నెమ్మదిగా.
నేనూ అంతే, మిషన్ని కిటికీ నుంచి గోడకి,
గోడ నుంచి తలుపుకి ఈడ్చుకుంటాను.
ఓసారి నేల మీద పడింది.
నాలుగు కాళ్ళ మీద ఒళ్ళంతా పైకెత్తి,
కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సిమెంటు దాటే ఆడదానిలా
కుండీ నీడకి చేరింది.
ఈగ ఎదురుగా వచ్చి వాలినా
మెడ తిప్పి చూస్తుంది, చెయ్యి చాపదు.
ఆ లెక్క నాకు తెలుసు.
నలభై రూపాయల ఫాల్ కోసం
మూడంతస్తులు దిగి ఎక్కాలా వద్దా అన్న లెక్క.

రాత్రి మెట్ల ట్యూబులైటు దగ్గర చూడాలి దాన్ని!
రెక్కల పురుగుల్ని పట్టుకుని
మొక్కజొన్న పొత్తు కొరికినట్టు కొరుకుతుంది.

మే పదకొండున తిండి మానేసి
తలకిందులుగా వేలాడింది.
జాకెట్టు బిగుతైందన్నమాట.
ఒంటి మీది పొర విడవాలంటే గాలిలో తడి ఉండాలి.
సముద్రమున్న ఊరే గానీ
ఆ రోజంతా పడమటి గాలి,
ఇటుక బట్టీలోంచి తిన్నగా మా మిద్దెకి.
లారీ నీళ్ళు రాక మూడు రోజులు.
బిందె అడుగున ఉన్నవి ఇస్త్రీ సీసాలో పోసి
దాని చుట్టూ గాలికి కొట్టాను.
సర్గుణక్క కింద నుంచి అరిచింది,
"నా మనవడికి లేని స్నానం నీ పూచ్చికా!"
ఏం జవాబు చెప్పను. నిజమే.

వీపు నడిమధ్యన కుట్టు విప్పినట్టు చిట్లింది.
తల వచ్చింది. మెడ వచ్చింది. కుడి చెయ్యి వచ్చింది.
ఎడమ చెయ్యి చంక దగ్గర పట్టేసింది.

ముప్పయ్యేళ్ళుగా చూస్తున్న చోటే.
ఎవరి జాకెట్టైనా పట్టేది అక్కడే.
రెండు కుట్లు వదులు చేసి
"ఇప్పుడెత్తమ్మా చెయ్యి" అంటాను మామూలుగా.
కత్తెర నా చేతిలోనే ఉంది.
దాని మొన ఆ చేతి కన్నా లావు.
పక్కన పెట్టేసి
నీళ్ళే కొట్టాను, మళ్ళీ, మళ్ళీ,
సీసా గురక పెట్టేదాకా.

సందెవేళకి బయటపడింది.
పచ్చగా లోపలున్నది
ఎండుగడ్డి రంగులో వచ్చింది.
ఎడమ చెయ్యి వంకర.
చెంపన చెయ్యి పెట్టుకుని ఏదో అప్పు గురించి
ఆలోచిస్తున్నట్టుంటుంది.
"ఇంక కుంబిడదా ఆంటీ?" అన్నాడు ఇనియన్.
"వాడికి తీరికున్నప్పుడు చూసుకుంటాడులే" అన్నాను.
ఎవడని వాడూ అడగలేదు.

విడిచిన పొర మందారానికే ఉంది, చేతుల గుల్లలతో సహా.
కొలతల పుస్తకంలో దాచుకుందామంటే
ముట్టుకోవడానికి భయం.

నిన్న అర్ధరాత్రి లారీ వచ్చింది.
మొదటి బిందె మందారం పక్కన దించి
ఊపిరి తీసుకుని చూస్తే
అంచు మీద అది.
వంకర చెయ్యి పక్కకి జరుపుకుని
కారిన చుక్కకి మొహం ఆనించి తాగుతోంది.
ఈ బిందె డ్రమ్ములో వంపితే గానీ
రెండో బిందెకి పోలేను.
కింద పైపు దగ్గర నా వంతు వచ్చినట్టుంది,
సర్గుణక్క నా పేరు పెట్టి పిలుస్తోంది.
రెండో చుక్క దగ్గరికి జరిగింది అది,
తొందరేం లేనట్టు.